బడి ప్రేమకథలు – పిట్టగోడ మీది నోటుబుక్కు

మా జిల్లా శాఖ విద్యార్థులకు పెట్టిన కథల పోటీకి ఈసారి నలభై రెండు కథలు వచ్చాయి. న్యాయనిర్ణేతలం ముగ్గురం. ఆ కథల్లో పదమూడు హైస్కూలు ప్రేమల మీద రాసినవి. ఆ పదమూడులో పన్నెండింటిది దాదాపు ఒకటే కథ. అబ్బాయి పేదవాడు, చదువులో ఫస్టు. అమ్మాయి డబ్బున్నవాళ్ల పిల్ల, కారులో దిగుతుంది. తొమ్మిదో తరగతిలో చూపులు కలుస్తాయి, పదిలో ఉత్తరం నడుస్తుంది, పరీక్షల ముందు తండ్రికి తెలిసిపోతుంది. ఆపైన అబ్బాయి రైలు కింద పడతాడు, లేదా పదేళ్ల తర్వాత కలెక్టరై అదే ఊరికి జీపులో వస్తాడు. రైలు పట్టాలకూ కలెక్టరు కుర్చీకీ మధ్య ఇంకో బతుకు మన పిల్లలకు తోచకపోవడం గురించి ఎవరైనా విడిగా రాయాలి.

నన్ను ఆపింది ఇంకో సంగతి. ఈ పన్నెండు కథల్లో ఎవరికీ కులం లేదు. చిరిగిన చొక్కా ఉంది, చైను జారిపోయే సైకిలు ఉంది, కురిసే ఇల్లు ఉంది, మందులకు డబ్బుల్లేని తల్లి ఉంది. కులం మాత్రం లేదు. ఇంటిపేరు కూడా లేదు. ఈ కథలు రాసిన పిల్లలెవరు? వాళ్లలో ఎక్కువమంది సర్కారు బళ్లలో చదివినవాళ్లే. ఏటా స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చినప్పుడు క్లాసులో సార్ లేచి ‘ఎస్సీలు నిలబడండి, ఎస్టీలు నిలబడండి, బీసీలు నిలబడండి’ అని పిలిస్తే నిలబడ్డవాళ్లు, లేదా కూర్చుని చూసినవాళ్లు. ఏ బెంచీ మీద ఎవరు కూర్చుంటారో, హాస్టలు పిల్లల పళ్లేన్ని ఎవరు ముట్టుకోరో నాకన్నా వాళ్లకు బాగా తెలుసు. కలం పట్టగానే ఆ తెలిసినదంతా ఎక్కడికి పోయింది? సినిమాలు చూసి పాడయ్యారని అనడం తేలిక. మా తోటి న్యాయనిర్ణేత ఒకాయన అదే అన్నాడు. నేను ఆ మాట అనలేకపోయాను. ఈ పాపంలో నాకూ వాటా ఉంది. ముందు దాని సంగతి చెప్పి తర్వాత సినిమాల దగ్గరికి వస్తాను.

1986 వేసవిలో ఇరవై ఏళ్ల కుర్రాడొకడు నా దగ్గరికి ఒక కథ తెచ్చాడు. అప్పుడు నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. శాఖలో కొత్తవాళ్ల కథలు చూసి సరిచేసే పని నాకు అప్పగించారు. కథ ఇది. పదో తరగతి. అబ్బాయి మాదిగ ఇంటి పిల్లవాడు, లెక్కల్లో దిట్ట. పటేలు గారి అమ్మాయి వారం వారం అతని లెక్కల నోటుబుక్కు అడిగి తీసుకుంటుంది. తిరిగి ఇచ్చేటప్పుడు చేతికివ్వదు. నీళ్ల కుళాయి పక్కనున్న పిట్టగోడ మీద పెట్టి వెళ్లిపోతుంది. అతను వెళ్లి తీసుకుంటాడు. అది ఆమె సిగ్గు అనుకుంటాడు. నలుగురి కంట పడకుండా తనకోసం పెట్టి వెళుతోందని మురిసిపోతాడు. ఆ పిట్టగోడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడతాడు. చివర ఒకరోజు, అదే అమ్మాయి వేరే అబ్బాయికి సైన్సు పుస్తకం చేతిలో పెట్టి నవ్వుతూ మాట్లాడటం చూస్తాడు. అంతే, కథ అక్కడ ఆగుతుంది. నాలుగు పేజీల కథ.

నేనేం చేశాను? ఎర్ర సిరా కలంతో ‘మాదిగ’ కొట్టేసి ‘కూలి కొడుకు’ అని రాశాను. పటేలును ‘షావుకారు’ చేశాను. కులం పెడితే కథ ఇరుకైపోతుందనీ, వర్గ దృష్టి ఉంటే దేశంలోని పేదలందరికీ చెందుతుందనీ ఆ కుర్రాడికి అరగంట ఉపదేశం చేశాను. ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో ప్రాతినిధ్య పాత్రల గురించి చెప్పింది అప్పట్లో మా అందరికీ నోటికి వచ్చేది. అదే వాక్యంలో, అంతకంటే ముందే, వివరాల సత్యం గురించి కూడా ఉందన్న సంగతి మేం అంతగా పట్టించుకునేవాళ్లం కాదు. కారంచేడు మారణకాండ 1985 జూలై 17న జరిగింది. నేను ఆ ఎర్ర సిరా వాడేనాటికి ఇంకా ఏడాది కాలేదు. దాని మీద మేము సభ పెట్టాం, ఖండిస్తూ తీర్మానం చేశాం, నేనే ఆ తీర్మానం చదివాను. ఆ తీర్మానం రాసిన చేతితోనే ఈ పనీ చేశాను.

కథ ఒక వారపత్రికలో అచ్చయింది. ఎవరో పాఠకుడు ఉత్తరం రాస్తూ, నోటుబుక్కును పిట్టగోడ మీద పెట్టే ఆ అమ్మాయి ముగ్ధత్వం ఎంతో సున్నితంగా ఉందని మెచ్చుకున్నాడు. కుర్రాడు ఆ ఉత్తరం తెచ్చి నాకు చూపించి, ‘ఆమె పుస్తకం చేతికెందుకియ్యలేదో మీ కథల తెల్వదు సార్’ అన్నాడు. మీ కథల అన్నాడు. అతను మళ్లీ కథ రాయలేదు.

దీన్ని నేను చాలాకాలం దృక్పథ దోషంగానే చూశాను. కులాన్ని విస్మరించడం మన ఉద్యమాలు చేసిన తప్పు, ఆ తప్పులో నాదొక చిన్న భాగం అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు పన్నెండు కథలు వరసగా చదివాక ఇంకోటి అర్థమైంది. అది శిల్ప దోషం కూడా. కూలి కొడుకు చేతికి నోటుబుక్కు ఇవ్వకపోవడానికి షావుకారు కూతురికి కారణమేదీ లేదు. డబ్బు తేడా మనిషిని చిన్నచూపు చూస్తుంది, గద్దిస్తుంది, వెళ్లగొడుతుంది. కానీ చెయ్యి తగలకుండా పిట్టగోడను వెతకదు. నేను కులం తీసేయగానే ఆ గోడ కథలో అనాథ అయిపోయింది. దానికి పాఠకుడు తనకు తెలిసిన అర్థం, అంటే సిగ్గు అనే అర్థం, తగిలించుకున్నాడు. కథలో కుర్రాడు ఏ పొరపాటు పడ్డాడో పాఠకుడూ అదే పొరపాటు పడ్డాడు. తేడా ఏమిటంటే కుర్రాడికి చివర తెలిసింది, పాఠకుడికి తెలియలేదు.

ఇక సినిమాలు. అంతస్తులు వేరైన ప్రేమను మన సినిమా ముట్టుకోలేదని ఎవరూ అనలేరు. గూడవల్లి రామబ్రహ్మం 1938లోనే ‘మాలపిల్ల’ తీశాడు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. బ్రాహ్మణ యువకుడు, మాల యువతి, ఊరు విడిచి కలకత్తా వెళ్లడం, చివరికి శాస్త్రి గారి మనసు మారడం. ఆ రోజుల్లో అంత తెగువ మామూలు విషయం కాదు. అంతకుముందే గురజాడ ‘లవణరాజు కల’లో రాజుకు మాల యువతిని జతచేశాడు. అయితే ఈ రెంటిలోనూ పైమెట్టు మగవాడిది, కిందిమెట్టు ఆడమనిషిది. ధర్మశాస్త్రాలు అనులోమమన్నది ఇదే. పైనున్నవాడు దిగివచ్చి చెయ్యి అందిస్తే దానికి సంస్కరణ అని పేరు వచ్చింది. కింది కులపు పిల్లవాడు పై కులపు అమ్మాయిని కన్నెత్తి చూడటం ప్రతిలోమం. దాన్ని చూపించడానికి సంస్కరణవాదం దగ్గర కథ లేదు, ఎందుకంటే అక్కడ దయ చూపించే పాత్ర మగవాడికి దక్కదు. పై కులపు పురుషుడి పెద్దమనసు మీద నిలబడ్డ కథాశిల్పానికి ఆ ఆధారం తీసేస్తే ఏమీ మిగలదు.

తరువాతి కాలంలో ప్రతిలోమం తెరమీదికి వచ్చింది గానీ డబ్బు వేషంలో వచ్చింది. భారతీరాజా ‘సీతాకోకచిలుక’ (1981) మా తరం వెర్రిగా చూసిన సినిమా. బ్రాహ్మణుల అబ్బాయి, డబ్బున్న క్రైస్తవ కుటుంబపు అమ్మాయి. చివర అతను జంధ్యాన్నీ ఆమె శిలువనూ తీసి పారేసి ముందుకు నడుస్తారు. హాల్లో మేం లేచి చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లను నేనిప్పుడు తప్పుపట్టను. కాని తీసి పారేయడానికి ఒంటిమీద జంధ్యమైనా శిలువైనా ఉన్నవాళ్లకే ఆ ముగింపు సాధ్యం. తమిళ ‘కాదల్’ (2004) మనకు ‘ప్రేమిస్తే’గా వచ్చింది. బడికి వెళ్లే అమ్మాయి, మెకానిక్ కుర్రాడు, చివరకు పిచ్చివాడై రోడ్డున పడ్డ కుర్రాడు. గుండెలు పిండే సినిమా. మదురై ప్రేక్షకుడికి మాట తీరులో, వాతావరణంలో అందే కులం సూచనలు డబ్బింగులో మన ప్రేక్షకుడికి అందవు. మనకు మిగిలేది డబ్బున్న తండ్రి, మెకానిక్ కుర్రాడు. మా పోటీ కథల పిల్లలు ఎత్తుకున్నది సరిగ్గా ఈ మిగిలినదాన్నే.

నాగరాజ్ మంజులే మరాఠీలో తీసిన ‘ఫాండ్రీ’ (2013) చూసినప్పుడు నాకు ఆ పిట్టగోడ మళ్లీ కనిపించింది. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఫాండ్రీ అంటే కైకాడీ భాషలో పంది. తమిళంలో పన్ఱి, మనకు పంది, అంతా ఒకే మాట. కైకాడీలు మన ఎరుకలవాళ్లకు భాషలోనూ బతుకులోనూ దగ్గరివాళ్లు. నేరస్థ జాతుల చట్టం ఇద్దరి నెత్తినా ఒకే ముద్ర వేసింది. 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు. లక్ష్మణ్ మానే 1980లో రాసిన ‘ఉపరా’ అనే ఆత్మకథ కైకాడీల జీవితాన్ని మరాఠీ సాహిత్యంలోకి తెచ్చింది. ఈ సినిమాలో కుర్రాడి ఇంటిపేరు కూడా మానేయే. అంటే ఇది ఎక్కడో దూరపు మహారాష్ట్ర కథ అనుకోవడానికి లేదు. మన ఊళ్లలో పందులు మేపుకునే ఇంటినుంచి బడికి వచ్చే ప్రతి పిల్లవాడూ ఇందులో ఉన్నాడు.

జబ్యా బడికి వెళతాడు. తన తరగతిలోని శాలు అనే పై కులపు అమ్మాయిని ప్రేమిస్తాడు. ప్రేమిస్తాడు అంటే ఏమిటి? దూరంనుంచి చూస్తాడు. సినిమా అంతటా ఆమెతో మాట్లాడడు. సైకిలు షాపు నడిపే చంక్యా అతనికొక ఉపాయం చెబుతాడు. నల్లపిచ్చుకను పట్టి కాల్చి, ఆ బూడిద ఆమె మీద చల్లితే ఆమె మనసు తిరుగుతుందట. జబ్యా గులేరు పట్టుకుని పిచ్చుక వెంట తుప్పల్లో తిరుగుతుంటాడు. మొదటిసారి చూసినప్పుడు ఈ పిచ్చుక వ్యవహారం నాకు మూఢనమ్మకంగా తోచి కాస్త చిరాకు వేసింది. రెండోసారి చూసినప్పుడు అర్థమైంది. మాట్లాడటానికి వీల్లేని చోట, ఉత్తరం ఇవ్వడానికి వీల్లేని చోట, దగ్గరగా నడవడానికి వీల్లేని చోట పిల్లవాడికి మిగిలే సాధనం మంత్రమే. మన సినిమా కుర్రాడికి ఆ అవసరం రాదు. మొదటి రీలులోనే చూపులు కలిసిపోతాయి, ఎవరైనా ఎవరినైనా చూడొచ్చన్నట్టు. మా పోటీలో పన్నెండుమంది పిల్లలూ రాసిన మొదటి వాక్యం అదే, ‘చూపులు కలిశాయి’. ఏ చూపు పైకి లేవగలదు, ఏ చూపు దొంగచూపు కావాలి అన్న ప్రశ్న అక్కడే మునిగిపోతోంది.

ఈ సినిమాలో తరగతి గది బొమ్మలా వెనక వేలాడదు. అందులో పాఠం జరుగుతుంది. ఏ పాఠం? మహర్ కులంలో పుట్టిన భక్తకవి చోఖామేళా అభంగం. పైరూపాన్ని చూసి మనిషిని కొలవొద్దనే కవి మాటను మాస్టారు పిల్లలకు వివరిస్తుంటాడు, ఆ గదిలోనే జబ్యా కూర్చుని ఉంటాడు. నేను ముప్పై మూడేళ్లు తెలుగు పాఠం చెప్పాను. వేమన పద్యం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెబుతున్నప్పుడు వెనక బెంచీలో ఎవరున్నారో చూశానా అని ఆ సన్నివేశం నన్ను అడిగింది. చూడలేదు. చివరి పరీక్షకు ఎన్ని మార్కుల ప్రశ్న అన్నదే చూశాను.

ఒకసారి పంది పిల్లను లాగిపారేయమని ఊరివాడొకడు జబ్యాను అడుగుతాడు. చుట్టుపక్కల శాలు ఉంది. జబ్యా ససేమిరా అంటాడు. తండ్రి కచ్రూ వచ్చి ఆ పని చేస్తాడు. జాతరలో జబ్యా కొత్త బట్టలు వేసుకుని, తనూ అందరిలో ఒకడిననుకుని డప్పులకు ఎగురుతుంటే, తండ్రి పిలిచి నెత్తిమీద దీపం పెడతాడు. ఊరేగింపుకు వెలుగు మోయడం వాళ్ల పని. దీపం నెత్తిన ఉన్నవాడు ఎగరలేడు, అందరికీ బాగా కనబడతాడు కూడా. ఆ పిల్లవాడు ఏడుస్తాడు. తండ్రి దుర్మార్గుడా? కాదు. కూతురి పెళ్లి చేయాలి, కట్నం కావాలి, ఊరి పెద్దలు చెప్పింది చెయ్యకపోతే పని దొరకదు. తండ్రి పాత్రను ఇంత న్యాయంగా చూపించిన ప్రేమకథ నేను మరొకటి చూడలేదు. మన కథల్లో పేదింటి తండ్రి దగ్గుతూ మంచం మీద పడి ఉంటాడు, లేదా చివర శవం దగ్గర ఏడుస్తాడు. కొడుకు ప్రేమకూ తన బువ్వకూ మధ్య కచ్రూలాగా నిలబడడు.

చివరి అంకమంతా బడి పక్కనే. జాతరలో పందులు అడ్డం వచ్చాయని వాటిని పట్టమంటారు. జబ్యా బడి మానుకోవాలి. కుటుంబమంతా పంది వెంట పరుగెత్తుతుంటే బడి పిల్లలు చూసి నవ్వుతారు. వాళ్లలో శాలు కూడా ఉంది. జబ్యా గోడల చాటున దాక్కుంటాడు, తండ్రి లాక్కొచ్చి కొడతాడు. పంది చిక్కబోతున్న క్షణంలో బడిలో జాతీయగీతం మొదలవుతుంది. జబ్యా నిటారుగా నిలబడతాడు, వాళ్లూ నిలబడతారు. పంది నిలబడదు. నేను చూసిన హాల్లో కొందరు నవ్వారు, నాకు నవ్వు రాలేదు. తరువాత పందిని కర్రకు కట్టి అక్కాతమ్ముళ్లు మోసుకుపోతుంటే వెనక బడి గోడ మీద ఫూలే, సావిత్రీబాయి, అంబేడ్కర్, షాహూ మహారాజ్, గాడ్గే బాబా బొమ్మలు. దర్శకుడు వాటిని గురించి ఏమీ అనడు. కెమెరా వాళ్లతోపాటు నడుస్తుంది, అంతే. సీతాకోకచిలుక జంట జంధ్యం, శిలువ వదిలేసి నడిచిన నడక నాకు ఇక్కడే గుర్తుకొచ్చింది. భుజం మీది కర్రను జబ్యా ఎక్కడ వదలాలి?

దీని మీద మిత్రులు మూడు అభ్యంతరాలు చెప్పారు.

మొదటిది, పదిహేనేళ్ల పిల్లల వ్యామోహం గంభీరమైన సాహిత్య వస్తువు కాదని. ఈ మాట అనేవాళ్లు తమ పదిహేనో ఏడు మర్చిపోయారు, లేదా వాళ్లకు అంతస్తు అడ్డం రాలేదు. తనదేమిటో పిల్లవాడికి ఊళ్లో చాలాసార్లు చెప్పి ఉంటారు, అతను విని ఊరుకుని ఉంటాడు. ఒక మనిషి కళ్లకు తను బాగా కనపడాలని మొదటిసారి కోరుకున్నప్పుడే ఆ చెప్పింది అతనికి తగులుతుంది. జబ్యా జీన్స్ ప్యాంటు కోసం ఐసు అమ్మడానికి వెళ్లేది ఆ కోరికతోనే. ఆ వయసు ప్రేమను తీసేస్తే అవమానాన్ని కొలిచే సాధనం ఒకటి పోతుంది.

రెండోది, జబ్యా చివర రాయి విసరడం వ్యక్తిగత ఆగ్రహమే గానీ సంఘటిత చైతన్యం కాదని. నిజమే, కాదు. ఎనిమిదో, తొమ్మిదో చదివే పిల్లవాడికి సంఘం ఎక్కడుంది? అతనికున్నది గులేరు, రాళ్లు. ఆఖరి రాయి తెరవైపు, మనవైపు వస్తుంది. ఆ రాయి తగిలినవాళ్లలో సంఘాలు పెట్టుకున్న మనం కూడా ఉన్నాం. మనకు తగలలేదన్నట్టు ‘చైతన్య స్థాయి’ కొలవడం నాకు సబబుగా తోచలేదు.

మూడోది బలమైనది. మా శాఖలోని ఒక సోదరి చెప్పింది. శాలుకు నోరే లేదు, ఆమె ఏమనుకుంటుందో సినిమా అడగదు, ఆమె కేవలం చూడబడే బొమ్మ అని. దీన్ని నేను సగం ఒప్పుకుంటున్నాను. సినిమా మొత్తం జబ్యా కళ్లతో చూస్తుంది కాబట్టి అతనికి తెలియనిది మనకూ తెలియదు, అది శిల్ప నియమం. కాని ఆ నియమం వల్ల ఒక ప్రశ్న మిగిలిపోయింది. పై కులపు ఆడపిల్ల లోపల ఏం జరుగుతుంది? మంజులేకు కూడా ఆ ప్రశ్న తోచే ఉంటుంది. ‘సైరాట్’ (2016) దానికి జవాబులా ఉంది.

సైరాట్‌లో కథ బడి దాటి కాలేజీకి వెళ్లింది. ఆర్చీ పాటిల్ ఊరి పెద్ద కూతురు. బుల్లెట్ నడుపుతుంది, ట్రాక్టరు నడుపుతుంది, బావిలో ఈదే మగపిల్లల్ని బయటికి పొమ్మంటుంది. పర్శ్యా జాలరి కొడుకు. ఇక్కడ సూటిగా చూడగలిగింది ఆమే. మన సినిమాల్లో చలాకీ అమ్మాయి అంటే స్వభావం. ఆర్చీ ధైర్యం మాత్రం వాళ్ల నాన్న భూమిలోంచీ పలుకుబడిలోంచీ వచ్చింది. ఆ సంగతి ఆమెకే తెలియదు. పారిపోయి మన హైదరాబాదుకు వచ్చాక తెలుస్తుంది. మురికివాడ గదిలో, నీళ్ల దగ్గర, కంపులో ఆమె ఏడ్చినప్పుడు ఊళ్లో ఆమె ఠీవి ఎవరి సొమ్మో ప్రేక్షకుడికి కూడా అప్పుడే తెలుస్తుంది. పాటలు ఎక్కువయ్యాయి, మొదటి సగం సాగింది, అది వేరే మాట. చివరి నిశ్శబ్దం గురించి రాయను, చూడనివాళ్లు చూడాలి. దీన్నే హిందీలో ‘ధడక్’ (2018) పేరుతో తీసినప్పుడు జాలరి కొడుకు హోటలు యజమాని కొడుకయ్యాడు, కులం ఒకటి రెండు మాటలకు కుదించుకుపోయింది. ఆ సినిమా చూస్తున్నంతసేపూ నాకు ఎర్ర సిరా గుర్తొచ్చింది. పెట్టుబడి పెట్టినవాళ్లు మార్కెట్ కోసం చేసిన పనిని నేను 1986లో సిద్ధాంతం పేరుతో చేశాను.

‘ఇప్పుడు కులం ఎక్కడుంది, డబ్బే అంతా’ అనే వాదం మా పోటీ చర్చలోనూ వచ్చింది. మా జిల్లాలోనే, మిర్యాలగూడలో, 2018 సెప్టెంబర్ 14న ఆసుపత్రి ముందు, గర్భవతి అయిన భార్య పక్కనే, ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. వాళ్లిద్దరూ బడి రోజులనుంచి ఎరిగినవాళ్లు. కుర్రాడి కుటుంబం పూటకు లేనిది కాదు, అతను చదువుకున్నవాడు. చంపించింది ఆమె తండ్రి అని కేసు. నల్గొండ కోర్టు 2025 మార్చి 10న ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మా పిల్లల కథల్లోని చిరిగిన చొక్కా ఈ హత్యను వివరించలేదు. చొక్కా బాగానే ఉంది.

ఇంకో మార్పు ఉంది, దాన్ని కూడా ఈ కథలు పట్టుకోలేదు. పోక్సో చట్టం 2012లో వచ్చాక పద్దెనిమిది నిండని పిల్ల సమ్మతికి చట్టంలో విలువ లేదు. అంతకుముందు ఆ వయసు పదహారు. పసిపిల్లల్ని కాపాడటానికి ఆ చట్టం అవసరమే. అయితే పలుకుబడి ఉన్న కుటుంబం చేతిలో అది ప్రేమించిన కుర్రాణ్ణి జైల్లో పెట్టే సాధనం కూడా కాగలదు. తెలుగులో ‘కోర్ట్’ (2025) ఈ విషయాన్ని తీసుకుంది. పెద్దింటి పిల్ల, చిన్నాచితకా పనులు చేసుకునే కుర్రాడు. కోర్టు గదిని ఆ సినిమా బాగా చూపించింది. ఆ కుర్రాడూ ఆ పిల్లా ఎక్కడ పెరిగి, ఎలా ఒకరినొకరు చూడగలిగారన్నది మాత్రం మళ్లీ పాత పద్ధతిలోనే, ఫోను మాటలతో, పాటలతో తేల్చేసింది.

పైగా ఆ తరగతి గదే ఇప్పుడు మారిపోయింది. నేను పాఠం చెప్పిన రోజుల్లో పటేలు కూతురూ మాదిగ కొడుకూ ఒకే జిల్లా పరిషత్ బడిలో చదివారు. అందుకే ఆ పిట్టగోడ కథ పుట్టింది. ఇవాళ పటేలు మనవరాలు తెల్లవారుతూనే పసుపుపచ్చ బస్సెక్కి మండల కేంద్రంలోని ప్రైవేటు బడికి పోతుంది. సర్కారు బడిలో మిగిలింది ఎవరో మనకు తెలుసు. ఇద్దరూ కలుసుకునే చోటు బస్‌స్టాపు కావచ్చు, ట్యూషను కావచ్చు, ఫోను కావచ్చు. మా పోటీలో కారు దిగిన అమ్మాయి సర్కారు బడిలోకి నడిచి వస్తుంది. ఏ ఊళ్లో వస్తోంది? పిల్లలు తాము చూసినదాన్ని గాక, చూసిన సినిమాను రాస్తున్నారనడానికి ఆ కారొక్కటే చాలు.

పదమూడో కథ గురించి చెప్పాలి. ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి రాసింది. శాలు నోరు విప్పితే ఎలా ఉంటుందో అలా ఉంది. కథ చెప్పేది పై కులపు పిల్ల. బడి ఆటల పోటీల రోజున పరుగు పందెంలో గెలిచిన అబ్బాయి రొప్పుతూ వచ్చి ఆమె సీసా తీసుకుని నీళ్లు తాగుతాడు. ఆమెకు ఆ రోజంతా సంతోషంగా ఉంటుంది. ఇంటికెళ్లి తల్లికి ఆ మాట చెబుతుంది. తల్లి ఏమీ అనదు. తెల్లవారి బడికి బయల్దేరుతుంటే సంచిలో కొత్త సీసా ఉంటుంది. పాతది ఏదని ఆమె అడగదు. ఆ రోజునుంచి ఆటల పీరియడులో సీసా సంచిలోనే దాచుకుంటుంది. దాచడానికి కారణం అతనితో చెప్పదు. అతనూ అడగడు, వెళ్లి కుళాయి దగ్గర తాగుతాడు.

తోటి న్యాయనిర్ణేతలు ఇందులో ప్రేమే లేదన్నారు. ఉందన్నాను నేను. చివర ఆ అమ్మాయి నాలుగు వాక్యాలు సమానత్వం మీద ఉపన్యాసం పెట్టింది, అవి తీసేస్తే బాగుంటుందని రాశాను. అది తప్ప ఒక్క మాట కూడా మార్చవద్దని కూడా రాశాను. చర్చ రాత్రి తొమ్మిదిదాకా సాగి, చివరికి ద్వితీయ బహుమతి ఇచ్చాం. ప్రథమ బహుమతి కలెక్టరైన కుర్రాడి కథకు వెళ్లింది. ఇద్దరు ఒకవైపు, నేనొక్కణ్ణి ఒకవైపు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, 1986 నాటి కుర్రాడికి ఫోను చేశాను. అతనూ నాలాగే పంతులై, ఇప్పుడు రిటైర్‌మెంటుకు దగ్గరలో ఉన్నాడు. నేను కొట్టేసిన మాటలున్న ఆ మొదటి ప్రతి ఉంటే పంపమన్నాను, ఈ పత్రికలో ఉన్నదున్నట్టు వేయిస్తానన్నాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. ‘నా దగ్గర ఒక్కటే కాపీ ఉండె సార్, అది మీకే ఇస్తిని’ అన్నాడు.